మెరక లెక్క

1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లు కొట్టుకుపోయింది దివిసీమలో. రెండింటికీ మధ్య నిజాంపట్నం అఖాతం, దగ్గర దగ్గర అరవై కిలోమీటర్ల దూరం. తుఫాను కన్ను ఒకచోట దాటితే చావులు ఇంకోచోట ఎందుకు జరిగాయన్న ప్రశ్నకు జవాబు వెతికితే ఉప్పెన ఎలా పుడుతుందో తెలిసిపోతుంది. అయితే రాబోయే యాభై ఏళ్లలో కృష్ణా గోదావరి డెల్టాలను ముంచేది ఉప్పెన ఒక్కటే అనుకోవడానికి లేదు. అందుకే ఈ అధ్యాయం ఉప్పెనతో మొదలై మురుగు కాలువ దగ్గర ముగుస్తుంది. పాఠకుడికి ఇది కాస్త చప్పటి ప్రయాణంలా అనిపించవచ్చు గానీ డెల్టా రైతుకు అనిపించదు.

ముందు ఉప్పెన సంగతి. భూమధ్యరేఖకు ఉత్తరాన తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. మన తీరం ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంటుంది. సముద్రం మీంచి వాయవ్యంగా కదిలి వచ్చే తుఫానుకు కుడిపక్కన, అంటే ఈశాన్యం వైపున, గాలి నీటిని నేలమీదికి తోస్తుంది. ఎడమపక్కన నేలమీంచి సముద్రంలోకి వీస్తుంది. తుఫాను ముందుకు నడిచే వేగం కూడా కుడిపక్క గాలికే కలిసివస్తుంది. చీరాలకు కుడిపక్కన ఉన్నది దివిసీమ. పైగా అక్కడ తీరం వంపు తిరిగి ఉంటుంది. గాలి తోసుకొచ్చిన నీరు ఆ మూలకు చేరి, పక్కకు పోయే దారిలేక పైకి లేచింది. సముద్రం మామూలు మట్టం మీద 5 మీటర్ల దాకా ఎక్కింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఉప్పునీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది చనిపోయారు.

తాటిచెట్టంత అల వచ్చిందని తీరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చీకట్లో, హోరుగాలిలో ప్రాణాలు అరచేత పట్టుకున్నవాళ్లకు అలాగే కనిపించి ఉంటుంది. నిజానికి ఉప్పెన ఒక అల కాదు. పదుల కిలోమీటర్ల పొడవున సముద్రమట్టమే కొన్ని గంటలపాటు లేచి నిలబడుతుంది. అలలు దాని నెత్తిన స్వారీ చేస్తాయి. నీరు లేవడానికి కారణాలు రెండు. తుఫాను నడిమధ్యన గాలి పీడనం తగ్గుతుంది, ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు చొప్పున పైకి ఉబుకుతుంది. అరవై డెబ్బై మిల్లీబార్లు పడిపోయిన మహా తుఫానులో కూడా ఈ లెక్కన పెరిగేది మీటరు లోపే. మిగతాదంతా గాలి చేసే పని. లోతు సముద్రంలో గాలి తోసిన నీరు అడుగునుంచి వెనక్కి జారిపోగలదు. లోతు తక్కువైన చోట ఆ వెసులుబాటు లేదు, తోసిన నీరు తోసినట్టే పోగుపడుతుంది. అందుకే ఉప్పెన ఎత్తు గాలి వేగం మీద ఎంత ఆధారపడుతుందో సముద్రపు అడుగు వాలు మీదా అంత ఆధారపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన వేగంతో విరుచుకుపడింది. ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు. అయినా రేవులోని కొలమానం చూపిన ఉప్పెన దాదాపు 1.4 మీటర్లు. విశాఖ దగ్గర సముద్రం తొందరగా లోతెక్కుతుంది, ఊరు కొండల పంచన ఉంది. అదే గాలి నిజాంపట్నం అఖాతంలోకి వచ్చి ఉంటే కథ వేరు.

పోటు సమయం కూడా కలిసిరావాలి, లేదా కలిసిరాకూడదు. ఆటు మీద వచ్చిన ఉప్పెనకూ పోటు మీద వచ్చిన ఉప్పెనకూ మన తీరంలో మీటరుకు అటూ ఇటూగా తేడా ఉంటుంది. దివి, బందరు, కోరంగి వంటి చోట్ల నేల ఎత్తే రెండు మూడు మీటర్లు. అక్కడ మీటరు తేడా అంటే ఊరు మిగలడానికీ మిగలకపోవడానికీ ఉన్న తేడా. కోరంగిని 1789లో ఒకసారి, 1839లో మరోసారి సముద్రం ఊడ్చుకుపోయింది. ఓడల నిర్మాణానికి పేరుపడ్డ ఆ రేవు రెండోసారి తర్వాత మళ్లీ కోలుకోలేదు. 1864 నవంబరు ఒకటో తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనకు 30 వేల మంది బలయ్యారు.

చావులు ఎలా తగ్గాయి

1977లో తుఫాను వస్తోందని వాతావరణ శాఖకు ముందే తెలుసు. ఆ కబురు సముద్రం ఒడ్డున ఉన్న పాలేలకు చేరలేదు, చేరిన చోట దాని అర్థం తెలియలేదు. గాలివాన అన్నారు గానీ ఉప్పెన అనలేదు. ఆ తర్వాతి పదిహేనేళ్లలో తూర్పు తీరం పొడుగునా రాడార్లు బలపడ్డాయి. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లాక మేఘాల బొమ్మలు ఎప్పటికప్పుడు అందసాగాయి. ఒడ్డున తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న 1977 నాటి తుఫానుకు తీసిపోనిది ఇంచుమించు అదే చోటికి వచ్చింది. ఈసారి లక్షన్నరకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది.

ఆరేళ్లకే ఇంకో దెబ్బ తగిలింది. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను చిన్నది, కానీ చాలా బిగువైనది. చివరి గంటల్లో వేగంగా బలపడి భైరవపాలెం, బలుసుతిప్ప వైపు దూసుకొచ్చింది. అప్పటికే వేటకు పోయిన పడవలు సముద్రంలో ఉన్నాయి. వెయ్యికి పైగా మనుషులు పోయారు. ఒడ్డున ఉన్నవాడిని ఖాళీ చేయించే యంత్రాంగం నడిసముద్రంలో ఉన్నవాడిని చేరలేకపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ఉప్పెన అంచనాలు తీరంలోని మండలాల వరకూ విడదీసి ఇస్తోంది. 72 గంటల ముందు తొలి హెచ్చరిక, 48 గంటల ముందు అప్రమత్తం, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందన్న అంచనా, ఈ మెట్ల వరస అధికారులకు కంఠతా వచ్చు. హుద్‌హుద్‌లో ఆంధ్రప్రదేశ్‌లో చనిపోయినవారి సంఖ్య వందకు చేరలేదు. పొరుగున ఒడిశాలో 1999 తుఫానులో మృతులు దాదాపు పదివేలు, 2013 ఫైలిన్ తుఫానులో యాభై లోపు. మన దేశంలో సైన్సూ పరిపాలనా కలిసి సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటని నా నమ్మకం. దీనికి దక్కాల్సిన మెప్పు దక్కలేదు.

దీని నీడలో ఒక చిక్కు కూడా పెరిగింది. ప్రాణాలు పోకపోతే ముంపు జరగలేదన్న లెక్కకు అలవాటుపడ్డాం. తుఫాను దాటిన మర్నాడు టీవీలో మృతుల సంఖ్య సున్నా అని చూపించి కెమెరాలు వెళ్లిపోతాయి. వరి పొట్టదశలో ఉన్న చేనులో నీళ్లు పది రోజులు నిలబడిపోవడం ఆ లెక్కకు ఎక్కదు. ఉప్పెన వచ్చి పోతుంది, దానికి రాడారు ఉంది, రంగు రంగుల హెచ్చరికలున్నాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున వచ్చే సముద్రానికి ఏ రంగూ లేదు.

మిల్లీమీటర్ల సంగతి

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి అంతర్ ప్రభుత్వ సంఘం లెక్క ప్రకారం 1901కీ 2018కీ మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006-2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. ఈ శతాబ్దం చివరికి, కర్బన ఉద్గారాలను బాగా అదుపు చేస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, విచ్చలవిడిగా వదిలేస్తే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకూ పెరుగుతుందని అంచనా. వేడెక్కిన నీరు వ్యాకోచించడం, కొండల మీదా ధ్రువాల దగ్గరా మంచు కరగడం దీనికి ముఖ్య కారణాలు. ఇంతవరకూ బడిపిల్లలకూ తెలిసిన సంగతే.

వందేళ్లకు ఒకసారి వచ్చే ముంపు ఇక ఏటా వస్తుందన్న వాక్యం పత్రికల్లో తరచు కనిపిస్తుంది. ప్రపంచంలోని చాలా తీరాలకు అది నిజమే. మన డెల్టాలకు ఎంతవరకు వర్తిస్తుందో నిదానంగా చూడాలి. రెండు ఊళ్లు ఊహించుకుందాం. మొదటి ఊళ్లో తుఫాన్లు లేవు. పదేళ్లకోసారి వచ్చే పెద్ద పోటుకూ వందేళ్లకోసారి వచ్చే పోటుకూ తేడా 20 సెంటీమీటర్లే. సముద్రం 20 సెంటీమీటర్లు పెరిగితే అక్కడ వందేళ్ల ముంపు పదేళ్ల ముంపైపోతుంది. రెండో ఊరు తుఫాన్ల దారిలో ఉంది. పదేళ్ల నీటిమట్టానికీ వందేళ్ల నీటిమట్టానికీ తేడా 2 మీటర్లు. అక్కడ అదే 20 సెంటీమీటర్లు కలిపితే వందేళ్ల ఉప్పెన సుమారు ఎనభై ఏళ్లకోసారి వస్తుంది, అంతే. దివిసీమ ఈ రెండో ఊరి జాతి. వేడెక్కిన సముద్రం తుఫాన్లకు మరింత బలమిస్తుందన్న భయం వేరే ఉంది, దాన్ని తోసిపుచ్చడం లేదు. కానీ సముద్రమట్టం పెరగడం వల్ల మాత్రమే మహా ఉప్పెనలు పదింతలు కావు.

అయితే మనకు ముప్పు తక్కువనా? ముప్పు ఉన్న చోటు వేరు. 5 మీటర్ల ఉప్పెనకు 20 సెంటీమీటర్లు ఒక లెక్క కాదు. రోజూ రెండుసార్లు వచ్చే పోటుకు అది చాలా పెద్ద లెక్క. డెల్టాలో బతుకంతా ఆ రోజువారీ పోటు మట్టానికి కొన్ని సెంటీమీటర్ల మెరకలో నడుస్తోంది. ఆ మెరక ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఏమవుతోంది అన్నది చూడాలి.

కిందికి దిగే నేల

డెల్టా నేల నది తెచ్చిన ఒండ్రు. మెత్తటి ఒండ్రు తన బరువుకు తానే అణగుతూ, నీరు పిండుకుంటూ ఏటా కొంచెం దిగుతుంది. పాత రోజుల్లో ఏటా వచ్చే వరద కొత్త పొర పరిచి ఆ తరుగును పూడ్చేది. నదికీ సముద్రానికీ మధ్య ఆరేడు వేల ఏళ్లుగా నడిచిన ఈ ఇచ్చిపుచ్చుకోలులో నదిదే పైచేయి కాబట్టి కోనసీమ, దివిసీమ అనే నేలలు పుట్టాయి. కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ అనే ఇసుకతిన్నె గడచిన రెండు శతాబ్దాల్లో గోదావరి తెచ్చిన సరుకుతో ఏర్పడిందే.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఈ లెక్క తిరగబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన భూస్వరూప శాస్త్రవేత్త కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు ఉపగ్రహ చిత్రాలూ పాత పటాలూ నదుల ఒండ్రు కొలతలూ పక్కపక్కన పెట్టి చూశారు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండేది, 2000 తర్వాతి సంవత్సరాల్లో 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి ఇంకా దారుణం. 1960ల చివర 90 లక్షల టన్నులుండగా, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులు. నాగార్జునసాగర్, శ్రీశైలం, ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకల్లోని జలాశయాలు, అన్నీ కలిసి నీటితోపాటు మట్టినీ ఆపేశాయి. ఫలితంగా 336 కిలోమీటర్ల జంట డెల్టా తీరంలో 1965 నుంచి 2008 వరకు, కొత్తగా వేసిన నేల పోను, నికరంగా 76 చదరపు కిలోమీటర్లు సముద్రం పాలైంది. కోతవేగం 1990 తర్వాత అంతకు ముందుకన్నా పెరిగింది. 2009లో ప్రపంచంలోని 33 పెద్ద డెల్టాలను పరిశీలించిన ఒక అంతర్జాతీయ బృందం కృష్ణా గోదావరులను కుంగిపోతున్న డెల్టాల జాబితాలోనే చేర్చింది. బోర్ల నుంచి విపరీతంగా తోడే నీరు కూడా నేలను దించుతుంది. చమురు, గ్యాసు తవ్వకాల వల్ల కూడా కోనసీమ దిగుతోందన్న వాదన ఎన్నాళ్లుగానో ఉంది.

ఆనకట్టలు వద్దనడం తేలిక. నాగార్జునసాగర్ లేకపోతే పల్నాడుకూ ఖమ్మానికీ నల్గొండకూ నీళ్లెక్కడివి? ఆ మాట నేననను. కానీ జలాశయం కట్టేటప్పుడు వేసిన ఖర్చుల పట్టీలో దిగువన డెల్టా పోగొట్టుకునే మెరక అన్న పద్దు ఎప్పుడూ లేదు. పూడికను కిందికి వదిలే అడుగు తూములు, వరదకాలంలో గేట్లు నడిపే పద్ధతి, నదీగర్భంలో ఇసుక తవ్వకం మీద అదుపు, ఇవన్నీ తీరప్రాంత రక్షణ పనులే. మనం మాత్రం వాటిని వేరే శాఖల పనులుగా చూస్తున్నాం.

మట్టిని ఆపేస్తే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. 1960లలో అక్కడి నైరుతి తీరంలో దీవుల చుట్టూ ఎత్తయిన కట్టలు పోసి పోటు నీటిని ఆపారు. పంటలు పెరిగాయి. పోటుతోపాటు వచ్చే ఒండ్రు కూడా ఆగింది. 2009లో ఐలా తుఫాను 32వ నంబరు పోల్డర్ (అలా కట్ట చుట్టిన దీవి) కట్టలను తెంపింది. తర్వాత శాస్త్రవేత్తలు కొలిస్తే లోపలి నేల పక్కనున్న సుందర్‌బన్ అడవి నేలకంటే మీటరు నుంచి మీటరున్నర పల్లంలో ఉందని తేలింది. అడవికి కట్ట లేదు, పోటు దాన్ని ఏటా మెరక చేసుకుంటూ పోయింది. కట్ట తెగిన రెండేళ్లలో నీళ్లు నిలిచిన పొలాల్లో పదుల సెంటీమీటర్ల ఒండ్రు పడింది. అక్కడి రైతులకు ఈ సంగతి శాస్త్రవేత్తల కంటే ముందే తెలుసు. 1997లో భైనా బీలు అనే పల్లపు నేల దగ్గర వాళ్లే కట్టకు గండి కొట్టి నాలుగేళ్లపాటు పోటును పొలంలోకి రానిచ్చి నేల పెంచుకున్నారు. ఆ నాలుగేళ్లు పంట లేనివాళ్లు ఏం తినాలన్న తగవు ఇప్పటికీ తెగలేదు.

గోడలూ మడలూ

సముద్రం కోస్తుంటే ఎవరికైనా మొదట తోచేది గోడ. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో ఇళ్లు, గుళ్లు, రోడ్డు ఎన్నిసార్లు సముద్రంలో కలిశాయో అక్కడి ముసలివాళ్లను అడగాలి. జాందానీ చీరల నేతగాళ్లూ మత్స్యకారులూ పక్కపక్కన బతికే ఊరది. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద జియోట్యూబులతో రక్షణ కట్ట వేశారు, రాళ్లు పేర్చారు. కొన్నేళ్లు ఆగింది, తర్వాత అలలు దాన్నీ చీల్చాయి. తప్పు ఒక్క కట్టడంలో లేదు. గోడకు కొట్టుకున్న అల తన శక్తిని ఇసుకలో ఇంకించుకోలేక వెనక్కి మళ్లి, గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుతుంది. గోడ ముందు బీచ్ పోతుంది. గోడ ముగిసిన చోట, పక్క ఊరి దగ్గర, కోత మొదలవుతుంది. మన తీరం వెంట ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. ఎక్కడ అడ్డు పెట్టినా దానికి ఉత్తరాన ఆకలి. విశాఖ రేవు అడ్డుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్‌కు పోస్తూ రావడం ఇందుకే. నగరానికి ఆ ఖర్చు గిట్టుతుంది. పాలేనికి ఎవరు పోస్తారు?

మడ అడవుల గురించి ఇప్పుడు మంచి మాటలు ఎక్కువే వినిపిస్తున్నాయి. కొంచెం అతి కూడా వినిపిస్తోంది. వంద మీటర్ల మడ దాటేసరికి గాలి అలల ఎత్తు 13 నుంచి 66 శాతం వరకు తగ్గుతుందని ప్రపంచవ్యాప్త కొలతలు చెబుతున్నాయి. ఉప్పెన మట్టం మాత్రం ఒక కిలోమీటరు మడకు 5 నుంచి 50 సెంటీమీటర్లే దిగుతుంది. అంటే కట్ట ముందు పెంచిన సన్నటి మడల వరస అలల తాకిడి నుంచి కట్టను కాపాడుతుంది, ఉప్పెనను ఆపదు. ఉప్పెనను ఆపాలంటే కిలోమీటర్ల వెడల్పు ఉండాలి. 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం లాంటిదన్నమాట. ఒడిశా కేంద్రపడా జిల్లాలో 1999 తుఫాను తర్వాత చేసిన అధ్యయనంలో, సముద్రానికీ తమకూ మధ్య మడ వెడల్పుగా మిగిలిన ఊళ్లలో చావులు తక్కువని తేలింది.

మడను మొక్క నాటి పెంచేద్దామనుకుంటే తరచు చస్తుంది. చచ్చేది మొక్క తప్పువల్ల కాదు, పోటు అందకపోవడం వల్ల. అడవి నరికాక నేల అణగి గుంటపడుతుంది, అందులో ఉప్పునీరు నిలిచి, ఎండకు ఇగిరి, చౌడు పేరుకుంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ కృష్ణా గోదావరి డెల్టాల్లో ఊరివాళ్లనూ అటవీశాఖనూ కలుపుకుని చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు లోపలికి వచ్చి ఆటుతో బయటికి పోతుంటే చౌడు కడుక్కుపోయింది. తెల్లమడ నిలదొక్కుకుంది. ఇక్కడా అసలు పని నీటి రాకపోకలను సరిచేయడమే.

వెనక్కి జరగడం ఇంకో దారి. ఒడిశాలో సతభాయా ఊరివాళ్లను, అయిదు వందలకు పైగా కుటుంబాలను, బగపతియా అనే చోటికి తరలించారు. ఇల్లు, స్థలం ఇచ్చారు. సముద్రం దూరమైంది, పొలమూ లేదు. చాలామంది మగవాళ్లు కేరళకు కూలికి పోయారు. వేట మీద బతికేవాడికి ఒడ్డు నుంచి అయిదు కిలోమీటర్లు జరగమంటే, ఇంజను, వల, ఐసుపెట్టె రోజూ ఎవరు మోస్తారన్నది మొదటి ప్రశ్న. 2019 నాటి తీర నియంత్రణ నిబంధనలు జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో నిర్మాణాలకు వదలాల్సిన దూరాన్ని పోటు గీత నుంచి 200 మీటర్ల బదులు 50 మీటర్లకు కుదించాయి. మత్స్యకారుల ఇళ్లకు ఇది వెసులుబాటన్నది నిజం. అదే వెసులుబాటు రిసార్టులకూ దొరుకుతుంది. ఏటా కొన్ని మీటర్లు కోసుకుపోయే తీరంలో 50 మీటర్లంటే ఇల్లు కట్టిన అప్పు తీరకముందే సముద్రం గడపలోకి రావచ్చు.

నీరు బయటికి పోయే దారి

ఇక మురుగు కాలువల దగ్గరికి. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టాకు నీళ్లు తెచ్చే కాలువలు మెరకల మీద సాగాయి. వాడుకున్న నీటినీ వాననీటినీ తీసుకుపోయే పని పల్లంలోని సహజమైన వాగులకూ కోడులకూ వదిలేశారు. కాలువకు శిస్తు వస్తుంది, మురుగు కాలువకు ఏమొస్తుంది? 1960లలో వరస ముంపుల తర్వాత మిత్రా కమిటీ డెల్టా మురుగు వ్యవస్థను పరిశీలించింది, 1968లో కృష్ణా గోదావరి డెల్టాల మురుగు సెస్సు చట్టం వచ్చింది. నీరు మొగ వరకూ వంకర తిరిగి పోకుండా నేరుగా సముద్రంలోకి తీసే స్ట్రెయిట్ కట్‌లు తవ్వారు. కొల్లేరుకు సముద్రానికి పోయే దారి ఇప్పటికీ ఉప్పుటేరు ఒక్కటే, అది పూడినా ఇరుకైనా కొల్లేటి లంకలు మునగాల్సిందే.

ఈ డ్రెయిన్లకు పంపులు లేవు. డ్రెయిన్‌లో నీరు సముద్రంకంటే ఎత్తులో ఉన్నంతసేపే పారుతుంది. పోటు ఎక్కితే ఆగుతుంది, తలుపులు లేని చోట ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది. దీని మీద ఒక ఊహాలెక్క వేద్దాం. పోటు సగటు సముద్రమట్టానికి 60 సెంటీమీటర్లు పైకి, ఆటు 60 సెంటీమీటర్లు కిందికి వెళ్తాయనుకుందాం. డ్రెయిన్ చివర నీటిమట్టం సగటు సముద్రంకంటే 30 సెంటీమీటర్ల ఎత్తు. లెక్కకడితే రోజుకు 16 గంటలు నీరు బయటికి పోగలదు. సముద్రం 20 సెంటీమీటర్లు పెరిగితే 13 గంటలే. 50 సెంటీమీటర్లు పెరిగితే తొమ్మిదిన్నర గంటలు. పారే గంటలు తగ్గడమొక్కటే నష్టం కాదు, ఆ గంటల్లో వాలు కూడా తగ్గిపోయి నీరు మెల్లగా నడుస్తుంది. నెమ్మదిగా నడిచే నీరు మట్టిని వదిలేస్తుంది, డ్రెయిన్ పూడుతుంది. మొగలో ఇసుక తిప్ప వేసి దాన్ని ఇంకా మూస్తుంది. అదే సమయంలో గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ అది పట్టగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది, కుండపోత వానలు ఇంకా బలపడతాయి. వచ్చే నీరు ఎక్కువ, పోయే దారి తక్కువ. వాయుగుండం పేరు కూడా పెట్టించుకోకుండా దాటిపోయినా వరి మునుగుతుంది.

రెండేళ్లు మునిగితే రైతు తట్టుకుంటాడు. ఉప్పు చేరితే తట్టుకోవడం కష్టం. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటు నీరు ఎగదన్ని, తోటల్లో నిలిచి, కొబ్బరిచెట్లు మొవ్వులు వాడి మోడులయ్యాయి. అక్కడ ఏ తుఫానూ రాలేదు.

మనం చేసుకున్నవీ తక్కువేం కాదు. గుర్రపుడెక్కా తూటికాడా డ్రెయిన్లను కప్పేస్తాయి. నీరు నడిచే దారికి అడ్డంగా రోడ్డు వేసి, వాగు వెడల్పుకు సరిపడని తూము పెడతారు. ప్రతి మరమ్మతులో రోడ్డు ఇంకో పొర ఎత్తవుతుంది, పక్కనున్న ఇళ్లు ఆ మేరకు పల్లమవుతాయి. రొయ్యల చెరువుల గట్లు డ్రెయిన్ ఒడ్డు దాకా జరిగాయి. తగవు తూము తలుపు దగ్గర మొదలవుతుంది. వరి రైతుకు పోటు వేళ తలుపు మూయాలి. రొయ్యల రైతుకు అదే వేళ ఉప్పునీరు కావాలి, తలుపు తెరవాలి. తలుపు తుప్పుపట్టి సగంలో ఇరుక్కుపోతే ఇద్దరికీ లేదు. ఏ సముద్రమట్టపు అంచనా కన్నా ముందు ఆ తలుపు ఎవరి చేతిలో ఉందన్నది ఆ ఊరి ముంపును నిర్ణయిస్తుంది.

ఇంజనీర్ల ముందున్న పని స్పష్టంగానే ఉంది. పోటు వస్తే దానంతటదే మూసుకుని, ఆటుకు తెరుచుకునే రెక్క తలుపులు పెద్ద ఖర్చేమీ కాదు. బాగా పల్లమైన చోట్ల, కొల్లేటి దిగువన, దివిలో కొన్ని లంకల్లో, ఇంకో ముప్ఫై ఏళ్లలో పంపులు తప్పవు. వాటి కరెంటు బిల్లు ఎవరిదన్న చర్చ ఇప్పుడే మొదలవ్వాలి. ఇవాళ కట్టే స్లూయిస్ యాభై అరవై ఏళ్లు నిలుస్తుంది. దాని గడప మట్టాన్ని పాత సర్వే రాయి చూసి నిర్ణయిస్తే, ఆ రాయి కూడా నేలతోపాటు దిగి ఉండవచ్చు. ఉపగ్రహ రాడార్లతో నేల మట్టాన్ని ఏటా మిల్లీమీటర్లలో కొలవడం ఇప్పుడు సాధ్యమే. మండలం మండలానికీ నేల ఎంత దిగుతోందో, పోటు ఎంత ఎక్కుతోందో కలిపి చూపే పటం ఒకటి, పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించే స్థాయిలో కావాలి. దాని ప్రకారం ఏ ఊళ్లో తలుపు చాలు, ఏ ఊళ్లో పంపు కావాలి, ఏ ఊళ్లో కట్టను వెనక్కి జరిపి ముందున్న నేలను మడకు వదలాలి అన్నది తేలుతుంది. వేసవిలో కాలువలు కట్టేసే ఆ కొద్ది వారాల్లోనే డ్రెయిన్ల పూడిక తీయాలి, గేట్లకు గ్రీజు పెట్టాలి. తొలకరి పడ్డాక పొక్లెయిన్ దిగితే, తీసిన మట్టి గట్టు మీంచి మళ్లీ కాలువలోకే జారుతుంది.